టైకో బ్రాహే వంశవృక్షం: ఇంగ్లీషులో ‘అంకుల్’ అన్నచోట పెదనాన్న అని రాయాలా, మేనమామ అనా?

కావలి పాఠకుడు:
ఇక్కడ హైస్కూలు పిల్లల కోసం ఖగోళ శాస్త్రవేత్తల వంశవృక్షాలు తెలుగులో గీస్తున్నాం. డెన్మార్క్ ప్రభువు టైకో బ్రాహే దగ్గర పని ఆగింది. అంకుల్ పెంచాడని ఒకచోట ఉంది, అంకుల్ ఇంట ఉండగా 1572లో కొత్త నక్షత్రం చూశాడని ఇంకోచోట ఉంది. ఇద్దరూ ఒకరేనా? భార్య పేరు కిర్‌స్టెన్ యోర్గెన్స్‌డాటర్, పెంచినాయన పేరు యోర్గెన్. ఆమె ఆయన కూతురైతే వరస కుదరదు గదా! వయసు కూడా కొందరు 54 అంటారు, కొందరు 55 అంటారు. ఫ్లెక్సీ ప్రింటుకు ఇచ్చేలోపు తేల్చుకోవాలి.

ఒంగోలు చరిత్ర:
ఇద్దరూ వేరండీ. పెంచినాయన యోర్గెన్ బ్రాహే, టైకో తండ్రి ఓటె బ్రాహేకు అన్న. కాబట్టి పెదనాన్న. ఆయన భార్య ఇంగెర్ ఓక్సె పెద్దమ్మ అవుతుంది. 1572 నవంబరు 11 రాత్రి కాసియోపియా నక్షత్రమండలంలో కొత్త నక్షత్రం కనబడినప్పుడు టైకో ఉన్నది హెరెవాద్ మఠంలో, స్టీన్ బిల్లె దగ్గర. ఈయన తల్లి బేయాటె బిల్లెకు తోడబుట్టినవాడు, అంటే మేనమామ. పెదనాన్న అప్పటికి లేడు. 1565లో రాజు రెండో ఫ్రెడరిక్ నీళ్లలో పడితే కాపాడటానికి దూకి, ఆ జబ్బుతోనే పోయాడు.

స్టీన్ అనే పేరుతో జాగ్రత్త. టైకో తమ్ముడి పేరూ స్టీనే. ఇంటిపేరు వదిలేస్తే మేనమామ, తమ్ముడు ఒకే గడిలో పడతారు.

పెంపకాన్ని దత్తత అని రాయకండి. దత్తతకు ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు ఉండాలి. ఇక్కడ సంతానం లేని యోర్గెన్ రెండేళ్ల బిడ్డను కన్నవాళ్లకు చెప్పకుండా ఎత్తుకుపోయాడు. తర్వాత వాళ్లు సర్దుకున్నారు. ఓటె, బేయాటెల నుంచి టైకోకు నిండు గీత, యోర్గెన్, ఇంగెర్‌ల నుంచి చుక్కల గీత, దాని పక్కన ‘పెంపకం’ అన్న మాట వేస్తే చాలు. టైకోతో పుట్టిన కవల బాప్టిజానికి ముందే పోయాడు. ఆ గడి కూడా ఉంచండి. పెద్దయ్యాక టైకో ఆ బిడ్డ మీద లాటిన్‌లో పద్యం రాశాడు.

గూడూరు:
యోర్గెన్స్‌డాటర్ ఇంటిపేరు కాదు. ‘యోర్గెన్ కూతురు’ అని అర్థం, అంతే. డెన్మార్క్ సామాన్యులకు అప్పట్లో ఇంటిపేర్లు ఉండేవి కావు, తండ్రి పేరే వెంట వచ్చేది. మన ఊళ్లలో వెంకయ్యలెంత మందో అక్కడ యోర్గెన్‌లంత మంది. కిర్‌స్టెన్ తండ్రి యోర్గెన్ సామాన్యుడు, టైకో పెదనాన్నకు ఏమీ కాడు. ఆ రెండు గడుల మధ్య గీత పడితే పెదనాన్న కూతుర్ని, అంటే చెల్లెల్ని, పెళ్లాడినట్టు అవుతుంది. ఆడవాళ్ల ఇంటిపేరు పెళ్లితో మారదు గనుక బేయాటె బ్రాహే, ఇంగెర్ బ్రాహే అనీ రాయకూడదు. బిల్లె, ఓక్సె అనే ఉంచాలి.

కిర్‌స్టెన్‌ను ఉంపుడుగత్తె అని రాసేవాళ్లున్నారు, అది అన్యాయం. డెన్మార్క్ పాత చట్టం ప్రకారం ఒక స్త్రీ మగవాడి ఇంట బాహాటంగా మూడు చలికాలాలు కాపురం చేసి, అతనితో తిని, పడుకుని, ఇంటి తాళంచెవులు తన దగ్గర పెట్టుకుంటే ధర్మపత్నే. తాళాల గుత్తి ఎవరి నడుమున ఉంటే ఇల్లాలు ఆమే. కాబట్టి జంటగీత వేయండి. చిక్కల్లా పిల్లల దగ్గరే: భార్య కులీనురాలు కాదు గనుక పిల్లలు కూడా సామాన్యుల కిందే లెక్క. తండ్రి ఇంటిపేరు, కులచిహ్నం, జమీ వాళ్లకు రావు.

ఎనిమిది మంది పుట్టారు, ఆరుగురు పెద్దవాళ్లయ్యారు. కొడుకుల పేర్లు ట్యూగె, యోర్గెన్. టైకో అన్నది ట్యూగెకు లాటిన్ రూపం, తండ్రీకొడుకులది ఒకే పేరు. చిన్నవాడికి పెంచినాయన పేరు పెట్టుకున్నాడు.

కావలి పాఠకుడు:
మరి వేన్ దీవి? 1576లో రాజు ఇచ్చిందే గదా, అదన్నా కొడుకులకు వెళ్లిందా?

గూడూరు:
వెళ్లలేదు. అది టైకో బతికినంత కాలం అనుభవించడానికి ఇచ్చింది. కొత్త రాజు నాలుగో క్రిస్టియన్ భత్యం ఆపేశాక 1597లో కుటుంబమంతా దీవి వదిలింది. తర్వాత చేరిన ప్రాగ్‌లో పరిస్థితి మారింది. 1601లో కూతురు ఎలిజబెత్‌ను టెంగ్‌నాగెల్ అనే కులీనుడు పెళ్లాడాడు. ఈ అల్లుడి గడి పెద్దదిగా గీయండి. టైకో పోయాక పరికరాలు, పరిశీలనల పుస్తకాలు వారసుల ఆస్తి అయ్యాయి. వాటి మీద టైకో దగ్గర పనిచేసిన ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్‌తో తగువు నడిపింది ఈయనే. 1609లో కెప్లర్ గ్రంథానికి ఈయన ముందుమాట కూడా పెట్టాల్సి వచ్చింది.

ఒంగోలు చరిత్ర:
వయసు 54. పుట్టింది 1546 డిసెంబరు 14, పోయింది 1601 అక్టోబరు 24. ఊరికే 1601లోంచి 1546 తీసేస్తే 55 వస్తుంది, కానీ ఆ ఏడు పుట్టినరోజు ఇంకా రాలేదు. ఇంకో మెలిక, మొదటి తేదీ జూలియన్ పంచాంగంది, రెండోది ప్రాగ్‌లో అప్పటికే నడుస్తున్న గ్రెగోరియన్‌ది. రెంటికీ పది రోజుల తేడా. పుట్టిన తేదీని గ్రెగోరియన్‌లోకి మారిస్తే డిసెంబరు 24. డెన్మార్క్ 1700లో గానీ మారలేదు. ఒక్కో తేదీ కింద చిన్న అక్షరాల్లో ‘పాత’, ‘కొత్త’ అని వేయించండి.

పుట్టిన ఊరు క్నుట్‌స్టోర్ప్ ఇప్పుడు స్వీడన్‌లో ఉంది, అప్పుడు డెన్మార్క్‌ది. 1658లో చేతులు మారింది. మ్యాపు పెడితే ఆ మాట రాయాలి.

చెల్లెలు సోఫియె గడి మాత్రం వదలకండి. 1573 డిసెంబరు 8 చంద్రగ్రహణానికి అన్న పక్కన నిలబడి కొలతల్లో సాయపడింది ఆమే. 1626లో డెన్మార్క్ కులీనుల వంశావళులను పెద్ద గ్రంథంగా రాసిపెట్టిందీ ఆమే.