ఆర్గన్ పైప్, కబేసా కలిపి నేషనల్ పార్క్ చేస్తే నిజంగా ఏం మారుతుంది?

ఎర్రమట్టి_ఫీనిక్స్:
మొన్న లాంగ్ వీకెండ్‌కి మా అరిజోనాలోని ఆర్గన్ పైప్ కాక్టస్ నేషనల్ మాన్యుమెంట్‌కి (అంటే కట్టడం కాదు, ప్రభుత్వ రక్షణలో ఉన్న ఎడారి) వెళ్లొచ్చాం. పక్క టెంట్‌లో ఉన్న పెద్దాయనతో మాటలు కలిశాయి. ఇదీ, దీన్ని ఆనుకుని ఉన్న కబేసా ప్రియేటా వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ కలిపి ఒకే పెద్ద నేషనల్ పార్క్ చేయాలని 1960ల నుంచీ అడుగుతున్నారట. అప్పట్లో ప్రభుత్వ భూములు, పార్కులు చూసే కేంద్ర మంత్రి స్టూవర్ట్ ఉడాల్ కూడా గట్టిగా ప్రయత్నించాడట. ఇంటికొచ్చి లెక్క వేశాను. ఆర్గన్ పైప్ సుమారు 3.3 లక్షల ఎకరాలు, కబేసా 8.6 లక్షలు. కలిపితే దాదాపు గ్రాండ్ కాన్యన్ పార్కంత! కానీ ఒకటి 1937 నుంచీ, ఇంకోటి 1939 నుంచీ రక్షణలోనే ఉన్నాయిగా, మళ్లీ పార్క్ దేనికి? ఇలా పార్కులుగా మారిన చోట్లు చూసినవాళ్లు కాస్త చెప్పండి.

జాషువా_పద్మ:
మేం లాస్ ఏంజెలెస్ వచ్చేనాటికి ఇక్కడి జాషువా ట్రీ అనే ఎడారి ప్రాంతం ఇంకా మాన్యుమెంటే. 1994 అక్టోబర్ 31న క్లింటన్ సంతకంతో అదీ, డెత్ వ్యాలీ పార్కులయ్యాయి. ఆ చలికాలం వెళ్తే బోర్డు తప్ప ఏమీ మారినట్టు అనిపించలేదు. అసలు మార్పు జనంలో వచ్చింది, అదీ మెల్లగా. 2021లో 30 లక్షల మందికి పైగా వచ్చారు. ఇప్పుడు వసంతంలో శనివారం పొద్దున తొమ్మిది దాటాక వెళ్తే పడమటి గేటు దగ్గర కార్ల క్యూలోనే సగం పూట పోతుంది. పేరులో 'పార్క్' పడితే చాలు, మ్యాప్ చూసి బండెక్కేవాళ్లు చాలామంది. మేమూ అంతేలెండి.

లా_పాయింటు:
ఎర్రమట్టి గారూ, మాన్యుమెంట్ అయితే 1906 చట్టం కింద ప్రెసిడెంట్ ఒక్క సంతకంతో చేసేయొచ్చు. నేషనల్ పార్క్‌కి కాంగ్రెస్ చట్టం కావాలి. అక్కడే బేరాలు మొదలవుతాయి. పద్మ గారు చెప్పిన 1994 చట్టంలోనే కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిని కూడా పార్క్ చేద్దామనుకున్నారు. వేట ఆపకూడదని పట్టుబట్టడంతో చివరికి 'ప్రిజర్వ్' (పార్క్ లాంటిదే, కానీ వేటకి వీలుంటుంది) అని పేరు పెట్టి సర్దుకున్నారు. మరుసటి ఏడాది దాని నిర్వహణకి నేషనల్ పార్క్ సర్వీస్‌కి ఒక్కటంటే ఒక్క డాలర్ ఇస్తామని బిల్లు పెట్టారు! కబేసాలోనూ బిగ్‌హార్న్ గొర్రెల వేటకి కొద్ది పర్మిట్లు ఇస్తారు. కాబట్టి వేటగాళ్ల సంఘాలు ఊరుకోవు.

సోలో_శీను:
కబేసా నేను వెళ్లాను. పర్మిట్ ఫ్రీయే గానీ సంతకం పెట్టేటప్పుడు కాస్త టెన్షన్. పక్కనే గోల్డ్‌వాటర్ బాంబింగ్ రేంజ్ ఉంది కదా, పేలని మందుగుండు కనిపిస్తే ముట్టుకోను, ఏమైనా అయితే బాధ్యత నాదే అని రాసివ్వాలి. లోపల ఎల్ కమీనో డెల్ డియాబ్లో, అంటే దయ్యం దారి. ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి, చుక్క నీళ్లు దొరకవు. రెండో రోజు మెత్తటి ఇసుకలో దిగబడ్డాం. టైర్లలో గాలి తగ్గించి, మ్యాట్లు వేసి, పారతో తవ్వి బయటపడేసరికి గంటన్నర. నెత్తి మీద జెట్లు, కింద మేము తప్ప మనిషన్నవాడు లేడు. ఆ నిశ్శబ్దం కోసం మళ్లీ వెళ్తాను. గేటు పెట్టి టికెట్లు అమ్మితే మాత్రం వెళ్లను.

ఎర్రమట్టి_ఫీనిక్స్:
శీను బ్రో, ఒంటరిగా వెళ్లలేదు కదా?

సోలో_శీను:
పేరు చూసి మోసపోకు. రెండు బండ్లు, నలుగురం.

మిసైల్_మామయ్య:
మిలిటరీ పక్కనుంటే పార్క్ అవ్వదని ఏమీ లేదు. న్యూ మెక్సికోలో వైట్ శాండ్స్ 2019 డిసెంబర్‌లో మాన్యుమెంట్ నుంచి పార్క్ అయింది, దాని చుట్టూ ఉన్నది మిసైల్ రేంజే. పిల్లల్ని వేసుకుని వెళ్తే టెస్ట్ ఉందని రోడ్డు మూసేశారు. కార్లో కూర్చుని చిప్స్ ప్యాకెట్లు ఖాళీ చేశాం. ముందే వెబ్‌సైట్ చూసుకోవడం మంచిది.

మేడిచెట్టు:
అందరూ మనుషుల గురించే మాట్లాడుతున్నారు. కబేసాలో సొనోరన్ ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు ఉంది. 2002 కరువులో అమెరికా వైపు మిగిలినవి ఇరవై చిల్లరే. ఆవరణలో పెంచి, పిల్లల్ని వదులుతూ మళ్లీ నిలబెట్టారు. ఇప్పటికీ అవి ఈనే కాలంలో, మార్చి 15 నుంచి జులై 15 వరకు, కొన్ని దారులు మూసేస్తారు. రెఫ్యూజ్‌లో జంతువు ముందు, సందర్శకుడు తర్వాత. పార్క్‌కి ఇద్దరినీ చూసుకోక తప్పదు. నన్నడిగితే కబేసాని అలాగే వదిలేయాలి. ఇంకో సంగతి, ఆర్గన్ పైప్‌లోని క్విటోబాకిటో ఊట ఓడమ్ అనే ఆదివాసులకి పవిత్ర స్థలం. 2020లో దాని పక్కనే సరిహద్దు గోడ కట్టారు. మాన్యుమెంట్ అన్న పేరు దాన్ని ఆపలేదు, పార్క్ అన్న పేరు ఆపేదా?

జాషువా_పద్మ:
మేడిచెట్టు గారూ, అది నిజమే. కానీ పార్క్ పేరుంటే గొడవ చేసేవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉండేవారు. జాషువా ట్రీలో ఏ చిన్నది జరిగినా దేశమంతా గోల చేస్తుంది.

ఎర్రమట్టి_ఫీనిక్స్:
థాంక్స్ అందరికీ. నేను పార్క్ కావాలనే అనుకుని వచ్చాను, ఇప్పుడు ఆర్గన్ పైప్ వరకే అంటున్నాను. అక్కడ ఎలాగూ తారు రోడ్డు, క్యాంప్‌గ్రౌండ్ ఉన్నాయి. శీనూ, పర్మిట్ కాగితంలో ఇంకేం అడుగుతారో కాస్త డీఎం చెయ్యి. అన్నట్టు, దారిలో 'వై' అనే ఊరు వచ్చింది. మావాడు బోర్డు చూసి 'ఎందుకు' అని, నేను 'ఏమో' అని, పది మైళ్లు ఇదే గోల.