నాలుగు ‘పీ’లు కోట్లర్‌వేనా? మార్కెటింగ్ పాఠంలో ఎవరి జీవితాలు చెప్పాలి?

ప్రశ్న: వాణిజ్య అధ్యాపకురాలు, గుంటూరు

నమస్కారం. నేను ఒక డిగ్రీ కళాశాలలో బీకాం విద్యార్థులకు మార్కెటింగ్ బోధిస్తున్నాను. ప్రాడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్ అనే నాలుగు ‘పీ’లను ప్రతిపాదించినది ఎవరని మొన్న పరీక్షలో అడిగితే, తరగతి మొత్తం ఫిలిప్ కోట్లర్ అని రాసింది. జవాబు పత్రాలు దిద్దుతుంటే తప్పు నాదేననిపించింది, ఎందుకంటే ఈ శాస్త్రాన్ని నిర్మించినవారిలో ఆయన తప్ప మరొకరి పేరు నా నోట వారు ఎన్నడూ వినలేదు. ఇందుకోసం రెండు గంటలు కేటాయించదలిచాను. ఎవరి గురించి చెప్పాలో, ఎందుకు చెప్పాలో సూచించగలరు.

జవాబు 1: విశ్రాంత ఆచార్యుడు, విశాఖపట్నం

అమ్మా, నేను దిద్దిన ఎంబీఏ పత్రాల్లోనూ ఏటా ఇదే జవాబు ఉండేది. 1948లో జేమ్స్ కలిటన్ మార్కెటింగ్ అధికారిని పాళ్లు చూసి దినుసులు కలిపే మనిషితో పోల్చారు. హార్వర్డ్‌లో నీల్ బోర్డెన్ ఆ పోలికను అందిపుచ్చుకొని ‘మార్కెటింగ్ మిక్స్’ అన్న పేరును స్థిరపరచి, అందులో పన్నెండు అంశాలను చేర్చారు. వాటి స్థానంలో నాలుగు ‘పీ’లను నిలబెట్టినది 1960లో ‘బేసిక్ మార్కెటింగ్’ పాఠ్యపుస్తకం రాసిన జెరోమ్ మెకార్తీ. పన్నెండింటిని మరిచిపోయే విద్యార్థి నాలుగింటిని మరువడు కనుక, బోధకుడిగా ఆయన చేసిన ఈ మేలును నేను చిన్నదిగా చూడను.

అలాగని కోట్లర్‌ను తగ్గించవద్దు. షికాగోలో మిల్టన్ ఫ్రీడ్‌మన్ వద్ద, ఎంఐటీలో పాల్ శామ్యూల్‌సన్ వద్ద అర్థశాస్త్రం చదివిన ఆయన, 1969లో సిడ్నీ లెవీతో కలిసి రాసిన వ్యాసంలో, లాభాపేక్ష లేని మ్యూజియాలు, విశ్వవిద్యాలయాలు కూడా చేసేది మార్కెటింగేనని వాదించారు. ఇది హద్దు మీరడమేనని డేవిడ్ లక్ అదే ఏడాది గట్టిగా ఖండించారు. ఆ వాదప్రతివాదాలను విద్యార్థుల చేత చదివించండి.

జవాబు 2: పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

నా దృష్టిలో ఆ రెండు గంటల్లో ఒక గంట రో ఆల్డర్సన్‌కు దక్కాలి. 1898లో పుట్టిన ఈయన అమెరికా వాణిజ్య శాఖలో దుకాణాల పంపిణీ ఖర్చులపై సర్వేలు చేసి, కర్టిస్ ప్రచురణ సంస్థలో పరిశోధకుడిగా పనిచేసి, ఫిలడెల్ఫియాలో సొంత సలహా సంస్థ నడిపి, 1959లో, అంటే అరవై ఏళ్లు దాటాక, వ్యాపార విద్యాలయమైన వార్టన్‌లో ఆచార్యుడయ్యారు. యుద్ధాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖ అయిన క్వేకర్‌లలో ఒకరు; ప్రచ్ఛన్న యుద్ధ కాలమైన 1955లో శాంతిని కోరి సోవియట్ యూనియన్‌కు వెళ్లిన క్వేకర్ బృందంలో ఉన్నారు.

అంతకాలం దుకాణాల నడుమ తిరిగిన మనిషి గనుకనే, మధ్యవర్తి ఎందుకు అవసరమన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానం అంత బలంగా ఉంటుంది. రకరకాల సరుకును వేరుచేయడం, ఒకే రకాన్ని పోగుచేయడం, దాన్ని విడగొట్టి పంచడం, కొనేవారికి కావలసిన కలగలుపుగా కూర్చడం అనే నాలుగు పనులు జరిగితేనే సరుకు మనిషికి పనికివస్తుందని ఆయన అన్నారు. మీ ఊరి మిర్చి యార్డుకు విద్యార్థులను తీసుకువెళ్లండి. తాలు కాయలను ఏరివేయడం నుంచి, ఒకే రకం టిక్కీలను (మిర్చి బస్తాలను) ఒక లాట్‌గా చేర్చడం, ఆ సరుకు ఊరూరికీ విడిపోయి చివరకు కిరాణా కొట్లో పప్పు, చింతపండు పక్కన కారంగా చేరడం వరకు ఆ నాలుగూ కళ్లకు కడతాయి. ఆయన వాక్యం కఠినం, పదజాలం సొంతం. 1965లో కన్నుమూశాక పాఠ్యపుస్తకాలు ఆయనను పక్కన పెట్టడానికి అదొక కారణమని నా అభిప్రాయం. ఇది నన్ను నిజంగా బాధిస్తుంది.

జవాబు 3: ప్రజారోగ్య కార్యకర్త, వరంగల్

మన దేశాన్ని విడిచిపెట్టవద్దని నా మనవి. సమాజానికి మేలు చేసే అలవాట్లను మార్కెటింగ్ పద్ధతులతో వ్యాప్తి చేయడానికి ‘సోషల్ మార్కెటింగ్’ అన్న పేరును కోట్లర్, జెరాల్డ్ జాల్ట్‌మన్ 1971 నాటి వ్యాసంతో స్థిరపరిచారు. కానీ కలకత్తా ఐఐఎం తొలి డైరెక్టర్ కె.టి. చాందీ, ఆయన సహచరులు కుటుంబ నియంత్రణకు ఒక మార్కెటింగ్ ప్రణాళికను 1965లోనే ప్రచురించారు. 1968లో మొదలైన నిరోధ్ పథకంలో ప్రభుత్వం రాయితీ ఇచ్చి మూడు కండోమ్‌లను 15 పైసలకు అమ్మించింది. టీపొడి, సబ్బులు, బ్యాటరీలు అమ్మే పెద్ద కంపెనీల పంపిణీ బళ్లే వాటిని పల్లె కొట్లకు చేర్చాయి. పేరు పుట్టక ముందే పని నడిచిన చోటు ఇది.

రంగూన్‌లో పుట్టి, మద్రాసులో చదివి, జాన్ హోవార్డ్‌తో కలిసి 1969లో కొనుగోలుదారు ప్రవర్తనపై సిద్ధాంత గ్రంథం రాసిన జగదీశ్ సేఠ్‌కు 2020లో పద్మభూషణ్ లభించింది. వీలైతే ఆయననూ చేర్చండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మొదటి గంటను మిర్చి యార్డులో ఆల్డర్సన్‌తోనే గడుపుతాము. రెండవ గంటలో నిరోధ్ ప్రణాళికను ముందుగా వివరించి, దానికి కోట్లర్ ఒప్పుకొనేవారా, లక్ ఒప్పుకొనేవారా అని విద్యార్థులనే వాదించమంటాను. నాలుగు ‘పీ’ల ప్రశ్నను వచ్చే పరీక్షలో మళ్లీ అడుగుతాను.