సూపర్‌నోవా గుల్ల ఎంత పెరిగిందో రెండు రేడియో చిత్రాల నుంచి ఎలా కొలవాలి?

ధనూరాశి వైపు, గెలాక్సీ కేంద్రానికి దగ్గర్లో ఉన్న జీ1.9+0.3 అనే సూపర్‌నోవా అవశేషం (పేలిపోయిన నక్షత్రం నుంచి గుల్లలా విస్తరిస్తున్న పదార్థం) మీద నేర్చుకుంటున్నాను. అమెరికాలోని వీఎల్‌ఏ అనే రేడియో టెలిస్కోపుల సముదాయం 1985లో, 2008లో తీసిన రేడియో చిత్రాలు పోలిస్తే గుల్ల దాదాపు 15 శాతం పెరిగిందని చదివాను. వేగం మారలేదనుకుని లెక్క వేస్తే వయసు 150 ఏళ్ల పైచిలుకు వస్తోంది, కానీ చుట్టూ ఉన్న వాయువును నెట్టుకుంటూ పోతుంది కాబట్టి మొదట్లో ఇంకా వేగంగానే ఉండి ఉండాలి, అంటే అసలు వయసు అంతకంటే తక్కువే. ఇంతవరకు ఓకే.

నా తలనొప్పి కొలత దగ్గర. రెండు చిత్రాల బీమ్ (ఒక చుక్క చిత్రంలో ఎంత వెడల్పుగా మసకబారి కనిపిస్తుందో ఆ కొలత) ఒకేలా లేకపోతే అంచు ఎక్కడుందో ఎలా తేల్చాలి? రెండింటినీ ఒకే బీమ్‌కి మసకబరిచి, పాతదాన్ని కొంచెం కొంచెం పెద్దది చేస్తూ కొత్తదానితో సరిపోల్చాను, కానీ గుల్లలో ఒక పక్క ప్రకాశం ఎక్కువ, ఆ పక్కే మొత్తం ఫలితాన్ని లాగేస్తోంది. దిక్కుల వారీగా ముక్కలు చేసి కొలవడం మంచిదా?

ఇంకోటి, కాసియోపియా ఏ అనే ఇంకో సూపర్‌నోవా అవశేషం రేడియోలో ఏటేటా మసకబారుతుంటే జీ1.9+0.3 మాత్రం ప్రకాశవంతం అవుతోంది, ఎందుకు? ఎవరైనా ఇలాంటి డేటాతో పని చేసుంటే చెప్పండి ప్లీజ్.