ఒకే జీతం మీద రెండు కోర్టుల ఆర్డర్లు, మా బాబు డబ్బు ఎందుకు ఆగింది?

రాయగడ తల్లి:
మాది రాయగడ. కుట్టుమిషను మీద బతుకుతున్నాను. బాబుకి ఆరేళ్లు. మా ఆయన (ఇప్పుడు కాదు లెండి) గవర్నమెంటు ఉద్యోగి, జీతం 36,000. నాకన్నా ముందు పార్వతీపురంలో పెళ్లై విడాకులయ్యాయి. అక్కడ ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లకి అక్కడి కోర్టు నెలకి 11,000 మనోవర్తి వేసింది, మా బాబుకి ఇక్కడి కోర్టు 6,000. రెండు జప్తు ఆర్డర్లూ ఆఫీసుకి వెళ్లాయి. వాళ్లది కోసి పంపుతున్నారు. నాకు ఏడు నెలలుగా పైసా లేదు.

మొన్న వెళ్తే ఆఫీసు బడబాబు (హెడ్ క్లర్కు) పాత క్యాలెండర్ కాగితం వెనక లెక్క వేసి ఇచ్చాడు. 36,000లో వెయ్యి తీసేసి మిగతాదాంట్లో మూడో వంతు, 11,666. "ఇంతకు మించి కోయకూడదు. పార్వతీపురానికి పోగా 666 ఉంది, కావాలా?" అని నవ్వాడు.

ఆ పిల్లల నోటికాడ కూడు లాగాలని నాకు లేదు, పెద్దది ఈ ఏడే పదో తరగతి. కానీ ముందొచ్చిన కాగితానికే అంతా పోతుందా? రెండు కేసులకీ పంచరా?

పర్లాకిమిడి పాత గుమస్తా:
అమ్మా, ఆ లెక్క మామూలు అప్పు డిక్రీలది. ఎవరో ఫైనాన్సు వాడికి కోసినట్టు కోశాడు. మనోవర్తికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో విడిగా ఉంది: జీతంలో మూడో వంతు ఉద్యోగికి వదిలి, మిగతా రెండొంతుల దాకా జప్తు చెయ్యొచ్చు. అంటే 24,000. మీ ఇద్దరిదీ కలిపితే 17,000. ఇంక పంచుకోవడం దేనికి? మినహాయింపు ఉన్న అలవెన్సులు తీసేస్తే లెక్క కొంచెం తగ్గొచ్చు గానీ, సరిపోతుంది.

నోటిమాట వాళ్లు వినరు. మీ కోర్టులోనే పిటిషన్ వేసి, ఈ సెక్షన్ పేరుతో ఆఫీసుకి రాయించండి. ఇంకోటి, బాకీ వసూలుకి ఏ నెలది ఆ నెల బకాయి పడ్డ ఏడాదిలోపే అడగాలి. ఏడు నెలలు అయ్యాయి కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు.

కోరాపుట్ నుంచి:
అక్కా, నేను కట్టే పక్షం వాణ్ణి, రెండు చోట్లా కడతాను. మీ ఆయన ఇప్పుడు ఊరుకోడు, తగ్గించమని వేస్తాడు. పరిస్థితి మారితే మనోవర్తి సొమ్ము మార్చమని రెండు పక్షాలూ అడగొచ్చు. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో మళ్లీ పెళ్లి, కొత్త బిడ్డ ఉన్నారని 23,000ని 20,000 చేసింది. కాబట్టి మీ బాబు ఫీజు రసీదులు, మందుల చీటీలు దాచుకోండి. 2020 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇద్దరూ ఇవ్వాలి. అతను పార్వతీపురం సంగతి అందులో రాశాడో లేదో చూడండి.

రాయగడ తల్లి:
సోమవారం వకీలు దగ్గరికి వెళ్తున్నాను. ఆ క్యాలెండర్ కాగితం కూడా పెట్టనా బాబాయ్?

పర్లాకిమిడి పాత గుమస్తా:
పెట్టమ్మా. చేతిరాత ఆయనదే కదా.