అమలాపురం వైపు తిరగడానికి మైలేజీ ఇచ్చే సెకండ్ హ్యాండ్ బండి ఏది?

పంటకాలువ:
2009 నాటి డీజిల్ బండికి పదిహేనేళ్లు నిండాయండి. లీటరుకి 11 దాటట్లేదు, ఆర్సీ రెన్యువల్‌కి డబ్బు పెట్టడం దండగని తీసేస్తున్నాం. నెలకి 900 కిలోమీటర్లు తిరుగుతుంది. వారానికోసారి కాకినాడ, మిగతాదంతా ముమ్మిడివరం, లంక రోడ్లు. నలుగురం ఎక్కుతాం. బడ్జెట్ నాలుగున్నర లక్షలు. 2018 స్విఫ్ట్ డీజిలా, వేగనార్ సిఎన్‌జియా, టియాగో పెట్రోలా? హైదరాబాద్ బండి అయితే నలభై వేలు తక్కువకి వస్తోంది.

లెక్కలపుస్తకం:
ముందు లెక్క చూడండి. డీజిల్ 97, పెట్రోలు 110, కిలో సిఎన్‌జి 92 అనుకుందాం, మీ బంకు రేటు వేసి సరిచేసుకోండి. ఇప్పటి బండికి నెలకి 82 లీటర్లు, అంటే దగ్గర దగ్గర 7,950. పెట్రోలు చిన్నబండి 17 ఇస్తే 5,820. స్విఫ్ట్ డీజిల్ 20 ఇస్తే 4,365. సిఎన్‌జి కిలోకి 25 ఇస్తే 3,310.

కాగితం మీద డీజిల్ బాగానే ఉంది కానీ మారుతి 2020లోనే డీజిల్ ఆపేసింది. ఇప్పుడు దొరికేవన్నీ బాగా తిరిగినవే. ఇంజెక్టర్లో టర్బోనో పడితే పెట్రోలు మీద మిగిల్చిందంతా ఒక్క బిల్లులో హరీ. నెలకి 1,500 దాటి తిరిగేవాళ్లకే డీజిల్ అంటాను. సిఎన్‌జిలో పికప్ తగ్గుతుందని భయపెడతారు. మన కోనసీమలో ఎక్కాల్సిన ఎత్తంటే వంతెనే కదండీ!

స్పానర్14:
మోడల్ కన్నా ముందు బండి మునిగిందో లేదో తేల్చండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడలో బోలెడు బండ్లు మునిగాయి. కడిగి, సెంటు కొట్టి అమ్మితే పైకి ఏమీ తెలీదు.

సీటు బెల్టు చివరిదాకా లాగండి, రీలు దగ్గరి అడుగు పట్టీ మీద ఒండ్రు మరక ఉంటే అక్కడితో వదిలేయండి. స్టెప్నీ తీసి గుంటలో చూడండి. ముందు సీట్ల పట్టాల కింద తుప్పు, కార్పెట్ కింద తడి, ఫ్యూజ్ బాక్సులో పచ్చటి చిలుము చూడండి. నీళ్లు తాగిన వైరింగు వెంటనే చావదు. కనెక్టర్లలో చిలుము పెరిగి ఆర్నెల్లకి ఎయిర్‌బ్యాగ్ లైటు, పవర్ విండో అంటూ ఒక్కొక్కటే మొదలెడుతుంది, మెకానిక్కి అంతు చిక్కదు.

మునగకపోయినా అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగిన బండికి ఉప్పుగాలి తగులుతుంది. రొయ్యల చెరువు గట్ల మీద తిరిగినదైతే మరీను. లిఫ్టు మీద ఎక్కించి డోర్ల కింది సిల్, వెనక యాక్సిల్ పట్టుకునే చోటు, బ్రేకు పైపులు స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. పైన కొత్తగా నల్ల కోటింగు వేసి ఉంటే ఇంకా గట్టిగా గుచ్చండి.

ఆర్సీబుక్కు:
వేగనార్ సిఎన్‌జి తీసుకుంటే సిలిండరు మీది ప్లేటు చదవండి. మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో సిలిండరు గట్టిదనం చూసే పరీక్ష) చేయించాలి, తేదీ దాటితే బంకులో గ్యాస్ పట్టకపోవచ్చు. తర్వాత బిగించిన కిట్టయితే ఆర్సీలో, ఇన్సూరెన్సులో సిఎన్‌జి అని ఎక్కి ఉండాలి. కంపెనీ కిట్టయితేనే నయం. డిక్కీ మాత్రం పోతుంది.

హైదరాబాద్ బండి జోలికి వెళ్లకండి. ఫారం 28 ఎన్‌ఓసి (అక్కడి ఆర్టీఓ అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం) కావాలి, ఇక్కడ లైఫ్ టాక్సు మళ్లీ కట్టి నంబరు మార్పించాలి. ఆ నలభై వేలు అక్కడికే చెల్లు. మన రాష్ట్రం బండే అయితే పేరు మార్పుకి ఫారం 29, 30 సరిపోతాయి, బ్యాంకు లోను ఉంటే దాన్ని ఆర్సీలోంచి తీయించే ఫారం 35 కూడా. డబ్బు ఇచ్చే ముందే పరివాహన్ (కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైటు)లో లోను, చలానాలు చూసుకోండి.

పంటకాలువ:
సిఎన్‌జికే మొగ్గుతున్నాం. మైలేజీ ఎంతిస్తుందో కొనకముందే తెలుసుకోవచ్చా?

స్పానర్14:
మీటర్లో చూపించే అంకె నమ్మకండి. టైర్లలో గాలి సరిచూసి, (సిఎన్‌జి బండి పెట్రోలు మీదా నడుస్తుంది) పెట్రోలు మీద పెట్టి, పంపు దానంతటదే ఆగేదాకా ట్యాంకు నింపి, అమలాపురం నుంచి కాకినాడ వెళ్లొచ్చి అదే బంకులో అదే పంపు దగ్గర మళ్లీ నింపండి. తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఓనరు అంత దూరం ఇవ్వనంటే, ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో చదును రోడ్డు మీద ఒక్కరే తోయండి. తేలిగ్గా కదలకపోతే బ్రేకు పట్టేస్తోందన్నమాట, మైలేజీ తినేది అదే. థర్డ్ గేరులో నలభై మీద యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే ఇంజిన్ మోత పెరిగి బండి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ అయిపోయినట్టే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. సర్వీసు సెంటర్లో నంబరు చెబితే పాత బిల్లుల్లో రీడింగులు దొరుకుతాయి, మీటరు వెనక్కి తిప్పారో లేదో అక్కడ బయటపడుతుంది.