చెడ్డవాడి మొహం చూడగానే తెలిసిపోవాలా?

తెరచాటు:
నిన్న మా అమ్మాయితో 'ది లయన్ కింగ్' (1994) మళ్లీ చూశాను. సింహాల రాజుకి తమ్ముడు స్కార్ తెర మీదికి వచ్చిన నిమిషానికే "వీడే దొంగ" అనేసింది. ఎలా తెలిసిందంటే, కంటి మీద గాటు, నల్లటి జూలు, సాగదీసే మాట. నా అభ్యంతరం ఇక్కడే. చెడుని చేసే పనిని బట్టి కాకుండా రూపాన్ని బట్టి పట్టుకోవడం నేర్పిస్తున్నాం. పైగా అధికార దుర్వినియోగం అంటే గద్దె మీద తప్పు మనిషి కూర్చోవడం, అంతే. అసలు వారసుడు సింబా రాగానే వాన కురుస్తుంది, గడ్డి మొలుస్తుంది. ఆ గద్దెకి అంత అధికారం ఎందుకని ఎవరూ అడగరు. మీరేమంటారు?

రాత్రిబండి:
నాలుగేళ్ల పిల్లకి, పదేళ్ల పిల్లకి ఒకటే కొలతా? ఎవరిని చూసి భయపడాలో ముందే తెలిస్తేనే చిన్నవాళ్లు కుదురుగా కూర్చుంటారు. మొహం సంగతి వదిలేయండి. మందలు వెళ్లిపోయాయి, మనమూ కదలాలి అని సింబా తల్లి సరబి చెప్పినప్పుడు స్కార్ ఏం చేశాడు? నేను రాజుని, నా ఇష్టం అంటూ చెయ్యి చేసుకున్నాడు. పాలించడం చేతకాక, నిజం చెప్పినవాళ్లని కొట్టడం. ఇంతకన్నా సూటిగా ఎలా చూపిస్తారు? స్కార్ వెంట ఉండే హైనాల కవాతు పాటని 1935 నాటి నాజీ ప్రచార చిత్రం గుర్తొచ్చేలా గీశారు. పిల్లలకి ఆ చరిత్ర తెలియక్కర్లేదు. పైన ఒక్కడు, కింద వరసలు, ఆ బొమ్మ చాలు.

చీమలదండు:
మీరిద్దరూ వాదించాల్సిన సినిమా అది కాదు. 'ఎ బగ్స్ లైఫ్' (1998) చూడండి. మిడతలు ఏటా చీమల దగ్గర తిండి గుంజుకుంటాయి. మనకి సరిపడా ఉంది కదా, మళ్లీ వెళ్లడం ఎందుకు, ఎదురు తిరిగింది ఒక్క చీమే కదా అంటాయి తోటి మిడతలు. మిడతల నాయకుడు హాపర్ వాళ్ల మీదికి ఒక గింజ విసురుతాడు. నొప్పి పుట్టిందా? లేదు. ఇంకొకటి. ఊహూ. అప్పుడు గింజల సీసా మూత లాగేస్తాడు. గుట్టగా మీద పడి, నవ్విన మిడతలన్నీ కిందే సమాధి. చీమలు మనకంటే వంద రెట్లు, ఆ సంగతి వాటికి తెలిసిందంటే మన పని అయిపోయినట్టే అంటాడు. అసలు గొడవ తిండి గురించి కాదు, వాటిని అదుపులో ఉంచడం గురించి. చలిచీమల చేత చిక్కిన పాము కథ మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ ఆ భయాన్ని పాము నోటితోనే చెప్పించడం నేను ఇక్కడే చూశాను.

ఊరకే చదివేవాణ్ని:
పిల్లల సినిమాకి ఇంత అవసరమా?

చీమలదండు:
అవసరం లేకపోతే మీరు ఇంతదూరం చదివేవారు కాదు :)

ఇద్దరు పిల్లల అమ్మ:
రాజులూ సైన్యాలూ సరే, ఇంట్లో అధికారం మాటేమిటి? 'ట్యాంగిల్డ్' (2010)లో తల్లిగా పెంచుతున్న గోథెల్, రపుంజెల్‌ని అద్దం ముందు నిలబెట్టి, "అందమైన, ధైర్యమున్న అమ్మాయి కనిపిస్తోంది" అంటుంది. పిల్ల మురిసిపోయేలోపే "ఓ, నువ్వూ ఉన్నావా" అని నవ్వుతుంది. ఊరికే సరదాకి అన్నాను అంటుంది. కొట్టదు, తిట్టదు. బయట లోకం నీలాంటిదానికి కాదు అని రోజూ చెబుతుంది. ఆ సీన్‌కి మా పెద్దది ఏమీ అనలేదు, వచ్చి నా పక్కన ఆనుకుని కూర్చుంది. నేను ఆ వారమంతా నా సరదా మాటలు కాస్త చూసుకుని మాట్లాడాను.

తెరచాటు:
అమ్మ గారూ, ఆ సీన్ గొప్పది, ఒప్పుకుంటాను. కానీ గోథెల్ కన్నతల్లి కాదు, పిల్లని ఎత్తుకెళ్లిన మనిషి. రపుంజెల్‌కి తెలియదు గానీ చూసే పిల్లలకి మొదటి నిమిషాల్లోనే తెలుసు. కన్నతల్లి అవే మాటలు అని ఉంటే సినిమా ఆమెని చెడ్డది అనగలిగేదా? నాకు అనుమానమే.

ఇద్దరు పిల్లల అమ్మ:
అది నిజమే. అక్కడ తప్పించుకున్నారు.

రాత్రిబండి:
'జూటోపియా' (2016)లో మీరు కోరుకున్నదే ఉంది తెరచాటు గారూ. మెత్తని ఉన్ని, పెద్ద కళ్లజోడు, పొట్టి గొర్రె. అసిస్టెంట్ మేయర్. జనంలో మాంసాహార జంతువులంటే భయం పుట్టించి కుర్చీ ఎక్కుతుంది. మొహం చూసి ఎవరూ పట్టుకోలేరు.

తెరచాటు:
పట్టుకోలేరు, అందుకే చివర్లో ట్విస్ట్‌గా పనికొచ్చింది. మా అమ్మాయి అప్పట్నుంచి ప్రతి సినిమాలోనూ మంచివాళ్లలో దొంగ ఎవరా అని వెతుకుతోంది. అది పజిల్, ఆలోచన కాదు. ఇంకో సంగతి, ఆ గొర్రెని మేయర్ సింహం పేరు వంకరగా పిలుస్తూ, పనంతా నెత్తిన రుద్దుతూ తిప్పుకుంటాడు. అదంతా మనం నవ్వుకోవడానికి పెట్టారు. కుర్చీలో ఉన్నవాడు రోజూ చేసే చిన్న దాష్టీకం జోక్, కింది మనిషి చేసిన కుట్ర నేరం. హాపర్ సీన్ విషయంలో మాత్రం చీమలదండు గారికి నా ఓటు. ఇవాళ అదే పెట్టాను.

చీమలదండు:
ఏమంది?

తెరచాటు:
మిడతల గురించి ఏమీ అనలేదు. నిన్నటి సినిమాకి వెళ్లిపోయింది. "సింబా రాజయ్యాక హైనాలు ఏం తింటాయి నాన్నా?" అంది.