సమస్యాపూరణం: "పడిన వానిని జూచి చప్పట్లు గొట్టె"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇదీ. ఛందస్సు తేటగీతి.

*పడిన వానిని జూచి చప్పట్లు గొట్టె*

వస్తువు గోడెక్కడం. నవ్వకండి. హన్మకొండలో ఒక పాత గోదాము లోపల ఎక్కుడు గోడలు కట్టారు. మా అమ్మాయిని ఆదివారాలు తీసుకెళ్తున్నాను. మొదట్లో బెంచీ మీద కూర్చుని ఫోను చూసుకునేవాణ్ని. మూడో వారం కోచ్ నాక్కూడా బూట్లు తొడిగించాడు. తాడు లేకుండా ఎక్కే పొట్టి గోడ మీద ఒక్కో రంగు రాళ్లు ఒక్కో దారి. ఆ దారిని వాళ్లేమంటారో తెలుసా? 'ప్రాబ్లమ్'. అంటే సమస్య! చివరి రాయి ఎక్కడుందో కింద నుంచే కనిపిస్తుంది. అక్కడిదాకా పాదాలు ఎక్కడ వేయాలో మనం చూసుకోవాలి. మనం ఇక్కడ చేస్తున్నదీ అదే పని కదా అనిపించింది. ఆఖరి పాదం నేనిచ్చాను, మిగతా మూడూ మీవి.

అరసున్నలు, బండి ర పట్టింపు లేదు. గణం (గురు లఘువుల లెక్క), యతి (పాదం మొదటి అక్షరానికి జోడీ అక్షరం) తప్పితే మాత్రం మడికొండ మాస్టారు ఊరుకోరు.

సుబేదారి కుర్రాడు:
సార్, కొత్తవాణ్ని. ఇచ్చిన పాదంలో యతి ఎక్కడుంది? 'పడిన'లో ప కనిపిస్తోంది, దానికి జోడీ దొరకట్లేదు.

మడికొండ మాస్టారు:
విడదీసి చూడు నాయనా. తేటగీతికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. 'పడిన' న గణం. 'వానిని' భ గణం. 'జూచిచ' ర గణం, ఎందుకంటే తర్వాత ద్విత్వం ఉంది కాబట్టి ఆ చ గురువైంది. మిగిలినవి 'ప్పట్లు', 'గొట్టె', రెండూ గలాలు. నాలుగో గణం మొదటి అక్షరం 'ప్ప'. చప్పట్ల నడుమ దాక్కుంది నీ యతి. తేటగీతికి ప్రాస నియమం లేదు, కాబట్టి భయపడకు, రాయి.

కాజీపేట లోకో:
డ్యూటీ దిగి రాశాను. తప్పులుంటే మన్నించాలి.

గోడ నెక్కగ వచ్చిన కుర్రవాడు
వేలు నొచ్చిన నెక్కెను వేయిసార్లు;
గురువు మురిసెను మిక్కిలి, కోరి కష్ట
పడిన వానిని జూచి చప్పట్లు గొట్టె.

మడికొండ మాస్టారు:
గణాలు, యతులు శుద్ధం. 'గో'కి 'కు' చక్కగా పడింది. 'నొచ్చిన' అంటే 'నొచ్చినన్', నొచ్చినా సరే అని. బాగుంది.

నిర్వాహకుడు:
పద్యం బాగుంది అన్నా, కానీ ఆ 'వేయిసార్లు' చూసి నా వేళ్లు నొప్పి పుట్టాయి. కొత్తవాళ్లకు గంట దాటితే పిడికిలి బిగియదు. మొదటి రోజు ఇంటికెళ్లి చెంబు పట్టుకోలేకపోయాను. రెండో వారం వేళ్ల మొదట్లో తోలు లేచింది. చేతులకు రాసుకునే తెల్లపొడి, మెగ్నీషియం కార్బొనేట్, చెమటను పీలుస్తుంది గానీ తోలును కాపాడదు. వేయి అంటే అతిశయోక్తి అలంకారం అనుకుని వదిలేస్తున్నా.

జనగామ ఆడబిడ్డ:
నాదొకటి. కాస్త శృంగారం కలిపాను, పెద్దలు ఏమీ అనుకోవద్దు.

ముప్పదడుగుల యెత్తున మురిసి నిలిచి
గంట మోగించి పైనుండి గడుసు పిల్ల
తాడు పట్టుక నిలిచిన తన్ను నిష్ట
పడిన వానిని జూచి చప్పట్లు గొట్టె.

కాజీపేట లోకో:
అబ్బ! 'తన్ను నిష్ట / పడిన' అని విరిచిన చోటు చూడండి. కింద నుంచి తాడు పట్టినవాడే ప్రేమించినవాడు. సినిమా తీయొచ్చు.

నిర్వాహకుడు:
అక్కా, ఆ అబ్బాయి గురించి నాకు టెన్షన్ పట్టుకుంది. పిల్ల రెండు చేతులూ వదిలి చప్పట్లు కొట్టిందంటే ఆమె బరువంతా తాడు మీదే ఉంది. కింద ఉన్నవాడు పొంగిపోయి తిరిగి చప్పట్లు కొట్టాడా, అయిపోయింది! తాడు పట్టే పాఠంలో మొట్టమొదటి మాట అదే. బ్రేక్ వేసే చెయ్యి తాడు మీది నుంచి ఒక్క క్షణం కూడా లేవకూడదు. దోమ కుట్టినా సరే.

జనగామ ఆడబిడ్డ:
వాడు మంచి పిల్లగాడు సార్, వదలడు. పద్యంలోనే 'తాడు పట్టుక నిలిచిన' అని రాశాను కదా.

నిర్వాహకుడు:
సరే, ఒప్పుకున్నా.

ఒక మాట. ఇంకో ఇద్దరు సభ్యులు నాకు విడిగా పంపారు. ఒకటి 'భయ/పడిన', ఇంకొకటి 'అలవాటు/పడిన'. పైన 'కష్ట/పడిన', 'ఇష్ట/పడిన' వచ్చేశాయి. పక్క మాటకు 'పడు' తగిలించి దాటేయడం పాత దారే, తప్పేమీ లేదు. కానీ అది పక్కనున్న వేరే రంగు రాయి మీద కాలు వేసి ఎక్కేయడం లాంటిది. పైకి చేరతాం, ప్రాబ్లమ్ మాత్రం అలాగే ఉంటుంది. పడ్డవాణ్ని పడ్డవాడిగానే ఉంచి, చప్పట్లకు కారణం చూపించేవాళ్లు ఎవరైనా ఉన్నారా? నా దగ్గరొకటి ఉంది, ఇప్పుడే పెట్టను. గోడ దగ్గర కూడా ఎవరైనా తంటాలు పడుతుంటే అడగకుండా దారి చెప్పడం మర్యాద కాదు. ఆ చిట్కాని వాళ్లు 'బీటా' అంటారు.

భువనగిరి బండ:
పద్యం రాదు నాకు, మాట మాత్రం అంటాను. ఓరుగల్లు అంటేనే ఒంటిరాయి, ఏకశిలానగరం. అలాంటి ఊళ్లో ఉండి గోదాములో ప్లాస్టిక్ రాళ్లెక్కడానికి డబ్బులు కట్టడమేంది? మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు వయసు 13 ఏళ్ల 11 నెలలు. నిజామాబాద్ జిల్లా పిల్ల. ఆమె బండలెక్కడం నేర్చుకున్నది మా భువనగిరి గుట్ట మీద.

నిర్వాహకుడు:
నిజమే అన్నా. కానీ మీ గుట్ట మీద పడితే కింద పరుపు ఉండదు. నలభై దాటిన నాలాంటివాడికి మొదట పరుపు కావాలి. పైగా 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ ఆటకు మొదటిసారి పతకాలు ఇచ్చిందీ ఇలా కట్టిన గోడల మీదే.

సుబేదారి కుర్రాడు:
ప్రయత్నించాను సార్. చేతులతో లాగితే అలసిపోతాం, కాళ్లతో నిలబడాలి అని ఎవరో చెప్పగా విన్నాను. దాన్నే పెట్టాను.

చేతులన్ లాగి యలసెను చిన్నవాడు;
కాలి బొటవేలి మొనమీద సూటిగాను
నిలిచి యెగసెను; జారెను; నేర్పుమీర
పడిన వానిని జూచి చప్పట్లు గొట్టె.

మడికొండ మాస్టారు:
మొదటి పద్యమా ఇది? భేష్. రెండు దోషాలు.

రెండో పాదంలో 'కా'కి 'సూ' యతి కుదరదు. ప్రాసయతి అందామన్నా 'లి'కి 'టి' సరిపోదు. 'సూటిగాను' తీసేసి 'గట్టిగాను' అను. క వర్గంలో క, గ లకు మైత్రి ఉంది.

రెండోది, చప్పట్లు కొట్టిందెవరు? నీ పద్యంలో కర్త లేడు. చదివితే చిన్నవాడే తన్ను తాను చూసుకుని కొట్టుకున్నట్టుంది.

సుబేదారి కుర్రాడు:
మూడో పాదం ఇలా మారిస్తే?

నిలిచి జారెను, కోచేమొ నేర్పుమీర

మడికొండ మాస్టారు:
'కోచేమొ' త గణం, సరిపోయింది. కోచ్ అనే మాట తేటగీతిలో ఇంత ఒద్దికగా కూర్చుంటుందని నేననుకోలేదు.

నిర్వాహకుడు:
'నేర్పుమీర పడిన' అన్నాడు చూశారా! ఇదీ నేనడిగింది. పడడంలో నేర్పేమిటి అని అనుకుంటారేమో. మా కోచ్ మొదటి పావుగంట ఎక్కనివ్వనే లేదు. మూడడుగుల ఎత్తు నుంచి పడమన్నాడు. రెండు పాదాలూ ఒకేసారి పరుపుకు తగలాలి. మోకాళ్లు వంగాలి. అక్కడితో ఆగకుండా వెనక్కి, వీపు మీదికి దొర్లాలి. గడ్డం ఛాతీకి ఆనించుకోవాలి. అన్నిటికన్నా కష్టం చేతులు దగ్గరికి ముడుచుకోవడం. పడుతున్న మనిషి చెయ్యి దానంతటదే నేలకు ఆనుతుంది, ఆనితే మణికట్టు పోతుంది. నేను ఏడుసార్లు చెయ్యి ఆనించాను. ఎనిమిదోసారి ఆనించలేదు. అప్పుడు మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. సమస్య పుట్టింది అక్కడే. ఇక నాదీ పెట్టేస్తున్నా:

నలుబదేండ్లకు గోడెక్క నాన్న వచ్చె;
వెనుకకే దొర్లె పరుపుపై వీపు సాచి;
కూతు రెదురుగా నిలుచుండి కుదురుగాను
పడిన వానిని జూచి చప్పట్లు గొట్టె.

మడికొండ మాస్టారు:
గణయతులు బాగున్నాయి. కానీ తండ్రిని పట్టుకుని 'వానిని' అంటావా? కూతురి చేత చప్పట్లు కొట్టించావు సరే, మర్యాద ఏదీ? 'పడిన తండ్రిని' అని ఉండాలి.

జనగామ ఆడబిడ్డ:
సమస్య ఇచ్చింది ఆయనే, ఇరుక్కున్నదీ ఆయనే!

నిర్వాహకుడు:
ఒప్పుకుంటున్నా మాస్టారూ. సొంత సమస్యలో సొంత కాలు జారింది. ఇంట్లో మా అమ్మాయి నన్ను ఏకవచనంలోనే పిలుస్తుంది, కానీ అది గ్రంథంలో చెల్లదు.

పరకాల మనవడు:
రెండు రోజుల నుంచి చదువుతున్నాను. మా తాత గీత కార్మికుడు. ఇప్పుడు చెట్టెక్కడం మానేశాడు. పోయిన నెల మా తమ్ముడు గోడెక్కుతుంటే చూడ్డానికి తీసుకెళ్లాం.

తాటి చెట్టెక్కి బతికిన తాత వచ్చె;
మనుమ డెక్కిన గోడపై మనసు నిలిపె;
పట్టు దప్పిన, నడుమునే పట్టె మోకు;
పడిన వానిని జూచి చప్పట్లు గొట్టె.

కాజీపేట లోకో:
ఇంక మేమంతా పక్కకు జరుగుతాం.

మడికొండ మాస్టారు:
మూడో పాదం మళ్లీ మళ్లీ చదివాను. మొదటి 'పట్టు' నామవాచకం, రెండో 'పట్టె' క్రియ, అదే యతిస్థానం. మనిషి పట్టు తప్పాడు, తాడు పట్టింది. ఎక్కడా పూరక పదం లేదు.

ఒక్క సందేహం. మోకు చెట్టునూ మనిషినీ కలిపి చుట్టి ఉంటుంది. ఇక్కడ తాడు పై కొక్కెం మీదుగా వెళ్లి కిందనున్న వాడి చేతికి వస్తుంది కదా. దీన్ని మోకు అనవచ్చా?

పరకాల మనవడు:
అనకూడదేమో సార్. కానీ మా తాత ఆ తాడును, నడుముకు కట్టిన పట్టీని చూసి "మోకు, ముస్తాదు రెండూ ఉన్నయి, గుజి ఒక్కటే లేదు" అన్నాడు. గుజి అంటే పాదాలకు తగిలించుకునే బంధం. తమ్ముడి బూట్లు చూసి ఇదేనా గుజి అని అడిగాడు. తాడు కొసన ఎనిమిది అంకె ఆకారంలో వేసిన ముడిని వేళ్లతో తడిమి చాలాసేపు చూశాడు. తమ్ముడు సగంలో జారాడు. మూడు నాలుగు అడుగులు కిందికొచ్చి గాలిలో ఊగుతూ ఆగాడు. మా అమ్మ అరిచింది. తాత లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇరవై రెండేళ్ల కింద ఆయన చెట్టు మీది నుంచి పడ్డప్పుడు మోకు ఆగలేదు. ఇప్పటికీ ఎడమ కాలు ఈడుస్తాడు.

నిర్వాహకుడు:
మోకు అలాగే ఉండనివ్వండి మాస్టారూ. 2024 నుంచి మన గీత కార్మికులకు ప్రభుత్వం ఇస్తున్న 'కాటమయ్య రక్ష' కిట్లలో ఉన్నవీ హార్నెస్ (ఒంటికి బిగించే పట్టీ), తాడే. ఆ రెండు పనిముట్లూ ఎప్పుడో చుట్టాలయ్యాయి. ఈ వారం పద్యం పరకాలది.

వచ్చే వారం సమస్య, ఇదీ తేటగీతే:

*కాళ్ళె చేతులు, చేతులే కాళ్ళు సుమ్ము*

సుబేదారి కుర్రాడు:
సార్, దీన్ని పూరించాలంటే ఒకసారి ఎక్కి చూడాలి అనిపిస్తోంది. ఆదివారం వస్తాను. ఏం తెచ్చుకోవాలి?

నిర్వాహకుడు:
గోళ్లు తీసుకుని రా. బూట్లు అక్కడే అద్దెకిస్తారు. కాస్త బిగుతుగా ఉండాలి, వేళ్లు ముడుచుకుపోయి నొప్పెడితే మాత్రం ఒక సైజు పెద్దది అడుగు. ఉంగరం ఉంటే ఇంట్లో పెట్టు.

మడికొండ మాస్టారు:
నాయనా, కొత్త సమస్యలో యతి ఎక్కడుందో చెప్పి మరీ వెళ్లు.